సున్నాలు, ఓవల్స్ అతికించి కార్టూన్ అమ్మాయిని చేస్తే అది బొమ్మ గీయడమేనా?

లేసుదారం (నరసాపురం)

అందరికీ నమస్కారం. మా ఊళ్ళో పిల్లల బట్టల కొట్టు వాళ్ళు ఒక కార్టూన్ అమ్మాయి బొమ్మ కావాలన్నారు. రెండు జడలు, లంగా జాకెట్టు, చేతిలో కొబ్బరాకు బూర. అదే బొమ్మ సంచి మీద నాలుగంగుళాలు ఉండాలి, కొట్టు ముందు బోర్డు మీద ఆరడుగులు ఉండాలి. పెద్దది చేస్తే పగిలిపోకూడదు కాబట్టి ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో వెక్టర్‌గా, అంటే రంగు చుక్కలతో కాకుండా గీతల లెక్కతో వేశాను.

ముఖానికి ఒక ఓవల్ తీసుకుని పాత్‌గా, అంటే ఎక్కడైనా వంచుకోగల గీతగా మార్చాను. కింది నోడ్ (గీతని పట్టుకుని లాగే చుక్క) కొంచెం కిందికి లాగి, వంపు సర్దే హ్యాండిల్స్ కుదిస్తే గడ్డం వచ్చింది. జుట్టుకి ముఖం వెనక ఇంకా పెద్ద ఓవల్ పెట్టాను. ముందు జుట్టుకి ఒక ఓవల్‌లోంచి ఇంకో ఓవల్‌ని డిఫరెన్స్‌తో కోసేశాను, పాపిడి దానంతట అదే వచ్చింది. ఒక్కో కంటికి మూడు సున్నాలు: తెల్లగుడ్డు, నల్లగుడ్డు, మెరుపు చుక్క. జడ కోసం ఒక చుక్క ఆకారం చేసి, అటొకటి ఇటొకటి కాపీ పెట్టుకుంటూ, కిందికి వెళ్ళేకొద్దీ చిన్నవి చేసుకుంటూ పోయాను. లంగా అంటే కింది వైపు వెడల్పు చేసిన నలుచదరమే.

రెండు రాత్రులు పట్టింది. సంతోషంగా చూపిస్తే, బొమ్మలు తెలిసిన ఒక పెద్దాయన "ఇది గీయడం కాదమ్మా, ముక్కలు అతికించడం" అన్నారు. ఆ మాట మనసులోంచి పోవడం లేదు. ఫైల్ కింద పెట్టాను. మీరు చెప్పండి, ఇది బొమ్మ గీయడమేనా?

కొబ్బరిమట్ట (రాజోలు)

బూర చాలా బాగుంది అక్కా. మా అబ్బాయి చూసి అడిగాడు.

పాత కుంచె (అమలాపురం)

అమ్మాయ్, పెద్దవాణ్ణి, ఉన్నమాట చెబుతాను, మనసు కష్టపెట్టుకోవద్దు. ఆ పెద్దాయన చెప్పింది నిజం.

నేను ముప్పై ఏళ్ళు బోర్డులు రాశాను. లాంచీల మీద పేర్లు రాశాను, రైసు మిల్లుల గోడల మీద అడుగు ఎత్తు అక్షరాలు రాశాను, బళ్ళలో బొమ్మలు వేశాను. గీత భుజంలోంచి వస్తుంది. ఊపిరి బిగబట్టి ఒక్క లాగుడు లాగితే బుగ్గ, గడ్డం, మెడ ఒకే గీతలో రావాలి. మీరు నరసాపురం వాళ్ళు. 1933లో బాపు గారు పుట్టిన ఊరు. ఆయన గీసిన అమ్మాయిని ఒకసారి చూడండి. గీత ఎక్కడ లావెక్కింది, ఎక్కడ వెంట్రుకలా సన్నబడింది, ఎక్కడ ఆగిపోయి మిగతాది మన కంటికే వదిలేసింది. ఓవల్స్ అతికిస్తే అది వస్తుందా? మీ సున్నాలన్నీ మరీ కచ్చితంగా ఉన్నాయి. అందుకే ఆ పిల్లలో ప్రాణం లేదు.

నోడ్ లెక్క (భీమవరం)

స్టికర్ కటింగ్ కొట్టు నాది. ఫైల్ తెరిచి చూశాను. మొత్తం 412 నోడ్లు. ఇలాంటి బొమ్మకి 100 దాటకూడదండి. ఒక్క జడలోనే 140 ఉన్నాయి. ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, యూనియన్ చేసి ఒకే ఆకారంగా కలపలేదు. ఇలాగే ప్లాటర్‌కి, అంటే స్టికర్ కోసే మిషనుకి పంపితే బ్లేడు కనపడని గీతలు కూడా కోస్తుంది, వినైల్ ముక్కలు ముక్కలుగా లేచిపోతుంది.

కచ్చితమైన సున్నా అన్న మాటకి కూడా ఒకటి చెప్పాలి. పాత్‌గా మార్చాక అది అసలైన వృత్తం కాదు. నాలుగు నోడ్లు, వాటి మధ్య బెజియర్ అనే నాలుగు వంపు ముక్కలు. హ్యాండిల్ పొడవు వ్యాసార్ధంలో 0.5523 వంతు పెడితే వృత్తానికి చాలా దగ్గరగా వస్తుంది, అంతే. ఆరడుగుల సున్నాలో కూడా తేడా పావు మిల్లీమీటరు దగ్గర ఆగిపోతుంది కాబట్టి కంటికి తెలియదు. అసలు ఈ వంపులు పుట్టింది ఫ్రాన్సులో, కారు బాడీల కోసం. రెనో కంపెనీలో బెజియర్, సిట్రోయెన్‌లో డి కాస్టెల్‌జో ఎవరికి వారు విడిగా కనిపెట్టారు.

పాత కుంచె (అమలాపురం)

కారు బాడీ కోసం పుట్టిన గీతతో ఆడపిల్ల బుగ్గ గీస్తామంటున్నారు. నేను చెప్పేదీ అదేనండి.

నోడ్ లెక్క (భీమవరం)

ఏ పని కోసం పుట్టిందన్నది కాదు కదండీ, నోడ్ ఎక్కడ పెట్టామన్నది ముఖ్యం. వంపులో అన్నిటికంటే పైన, కింద, ఎడమ, కుడి వచ్చే చోట్ల పెట్టాలి. అలా పెడితే ఎంత వంపైనా నునుపుగా వస్తుంది. ఈవిడ బుగ్గ మధ్యలో అనవసరంగా ఇంకో నోడ్ పెట్టారు, అక్కడ చిన్న బొడిపె కనిపిస్తోంది. ఆ ఒక్కటి తీసేయండి.

అరటిగెల (రావులపాలెం)

ఒంటి రంగు మార్చండి. మన బళ్ళలో ఎక్కువమంది పిల్లలు చామనఛాయలో ఉంటారు. ఈ పిల్ల మన ఊరి పిల్లలా లేదు.

లేసుదారం (నరసాపురం)

అరటిగెల గారూ, నేను ముందు చామనఛాయే వేశాను. కొట్టు వాళ్ళు తెలుపు చేయమన్నారు. నాకూ నచ్చలేదు.

నోడ్ లెక్క గారూ, బుగ్గ మీది నోడ్ తీసేశాను. మీరన్నది నిజమే, బొడిపె పోయింది.

పాత కుంచె గారూ, గీత లావు సన్నం వెక్టర్‌లోనూ వస్తుందండి. ఇల్లస్ట్రేటర్‌లో విడ్త్ టూల్ 2010 నుంచీ ఉంది. ఇంక్‌స్కేప్‌లో పవర్‌స్ట్రోక్ ఉంది. గీత మీద ఎక్కడ కావాలంటే అక్కడ పట్టుకుని లావు చేయొచ్చు. నేను ఇంకా నేర్చుకోలేదు, అంతే.

బడి బల్ల (తణుకు)

డ్రాయింగు మాస్టర్‌ని. ఈ వాదన ఎక్కడో తప్పు దారి పట్టింది. పెన్సిలుతో గీసేవాళ్ళు కూడా ముందు సున్నాలే గీస్తారు. తలకి ఒక కోడిగుడ్డు ఆకారం, ఛాతీకి ఒకటి, నడుముకి ఒకటి. విగ్రహాలు చేసే శిల్పులకి తాళం అనే కొలత ఉంది. ముఖం పొడవు ఒక తాళం, నవతాళ విగ్రహం అంటే తొమ్మిది ముఖాల ఎత్తు. కార్టూన్ పిల్లకైతే మూడు తలల ఎత్తు చాలు, తల పెద్దదైతే పసితనం వస్తుంది. ఈవిడ నాలుగున్నర తలలు పెట్టారు, అందుకే పిల్ల పెద్దమనిషిలా కనిపిస్తోంది. ఇంకొకటి, ముఖంలో సగం గీసి మిగతా సగం ఫ్లిప్ చేసినట్టున్నారు. రెండు వైపులా అచ్చంగా ఒకేలా ఉంటే మాస్క్ అవుతుంది. తల కొంచెం వంచండి.

పాత కుంచె (అమలాపురం)

మాస్టారూ, మీ పిల్లలు సున్నా గీసినప్పుడు అది వాళ్ళ చేతిలోంచి వస్తుంది. రబ్బరుతో తుడిచినా ఆ నేర్పు చేతిలో ఉండిపోతుంది. మౌసుతో లాగిన సున్నా ఎవరిది? అది సాఫ్ట్‌వేర్ చేసినవాడిది. కరెంటు పోతే ఈ అమ్మాయి బొమ్మ వేయగలదా? నేను బొగ్గు ముక్కతో గోడ మీద వేస్తాను.

పంటు రేవు (సఖినేటిపల్లి)

కరెంటు పోతే ఫ్లెక్సీ మిషనూ ఆగిపోతుంది కదండీ.

పాత కుంచె (అమలాపురం)

ఫ్లెక్సీ మాట ఎత్తారు కాబట్టి చెబుతాను. ఒక బడి గోడ మీద పుస్తకాల సంచి వేసుకుని నడిచే పిల్ల బొమ్మ వేశాను. నాలుగు రోజులు ఎండలో నిచ్చెన మీద నిలబడి వేశాను. పక్క ఏడాదికి ఆ పిల్ల చుట్టుపక్కల ఊళ్ళలో ఫ్లెక్సీల మీద ఉంది. ఎవరో ఫోనుతో ఫోటో తీశారు, కంప్యూటర్‌లో ట్రేస్ అనే బటన్ నొక్కారు, ఫైల్ అయిపోయింది. ఆ కొట్టుకి వెళ్ళి అడిగితే "ఇది మా డిజైన్" అన్నారు. నా పిల్ల ముక్కు మీద చిన్న వంకర ఉంటుంది, రంగు కారిపోతే సర్దుతూ పెట్టిన వంకర. అది కూడా అలాగే ఉంది వాళ్ళ బొమ్మలో. ఒక్క రూపాయి ఇవ్వలేదు. మీరంతా నోడ్లు లెక్కపెడుతున్నారు. నాకు మాత్రం ఈ పని అంతా ఆ బటనే అనిపిస్తుంది.

నోడ్ లెక్క (భీమవరం)

ఆటో ట్రేస్ చేస్తే వేలకొద్దీ నోడ్లు వస్తాయండి. ఆ ఫైల్ చూస్తే ఇట్టే చెప్పేయొచ్చు. ఈవిడది ట్రేస్ కాదు. నేను గ్యారంటీ.

లేసుదారం (నరసాపురం)

మీకు జరిగింది అన్యాయం, బాబాయ్ గారూ. ఆ కొట్టు వాళ్ళు చేసింది దొంగతనమే. కానీ ఆ దొంగతనం నేను చేయలేదు. ఇన్ని పోస్టుల్లో నన్ను వాళ్ళ పక్కనే నిలబెడుతున్నారు.

ఈ సున్నాల దారి నేను ఎందుకు పట్టుకున్నానో చెబుతాను. మా అమ్మ లేసు అల్లేది, నేనూ అల్లాను. ఇంటర్ అయ్యాక ఒక బోర్డు ఆర్టిస్టు కొట్టుకి వెళ్ళి, కుంచె పని నేర్పండి, జీతం వద్దు అన్నాను. ఆయన నన్ను లోపలికి కూడా పిలవలేదు. "ఆడపిల్లవి, నిచ్చెన ఎక్కి బజారులో గోడలు రాస్తావా? మీ నాన్నని పంపు" అన్నారు. మూడుసార్లు వెళ్ళాను. మా తమ్ముడు ఊరికే చూడ్డానికి వస్తే వాడి చేతికి కుంచె ఇచ్చారు. వాడికి బొమ్మలంటే ఇష్టం కూడా లేదు.

భుజంలోంచి గీత రావాలని మీరంటున్నారు. ఆ భుజం ఎవరు తయారుచేస్తారు? మీ గురువు మీ చెయ్యి పట్టుకుని దిద్దించారు కదా. నా చెయ్యి పట్టుకోవడానికి ఎవరూ లేరు. పాపని పడుకోబెట్టి, సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లో రాత్రి పదకొండింటికి నేర్చుకున్నాను. ఇంక్‌స్కేప్ ఉచితం కాబట్టి నేర్చుకోగలిగాను. సున్నా, ఓవల్, నలుచదరం, ఇవి నన్ను ఎవరి అబ్బాయివి, ఎవరి అమ్మాయివి అని అడగలేదు.

అరటిగెల (రావులపాలెం)

ఇది చదివాక మాట రావడం లేదమ్మా.

బడి బల్ల (తణుకు)

తల్లీ, నా క్లాసులో ఆడపిల్లలే ఎక్కువ గీస్తారు. పదో తరగతి తర్వాత వాళ్ళలో ఒక్కరు కూడా కొనసాగించినట్టు వినలేదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

పాత కుంచె (అమలాపురం)

ఆ కొట్టు నాది కాదమ్మా. కానీ నా కొట్టుకీ ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ళ నాన్నతోనే వచ్చింది. నేనూ అదే మాట అన్నాను. ఆ పిల్ల పేరు కూడా అడగలేదు. నిన్న రాత్రి మీ పోస్టు చదివాక నిద్ర పట్టలేదు.

ఇప్పుడు అసలు మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. ఈ బొమ్మకి కొట్టు వాళ్ళు ఎంత ఇస్తున్నారు?

లేసుదారం (నరసాపురం)

మూడు వందలు.

పాత కుంచె (అమలాపురం)

నా బాధ ఇదే. సున్నాలా, కుంచా అన్నది పక్కన పెట్టండి. ఆరడుగుల బోర్డు మీద పిల్ల బొమ్మకి నేను మూడు వేలు తీసుకునేవాణ్ణి, రంగులు నావి. మీరు రెండు రాత్రులు కూర్చుని మూడు వందలకి ఇస్తే, ఆ కొట్టువాడు రేపు ఇంకెవరికీ మూడు వేలు ఇవ్వడు. మీకూ ఇవ్వడు. మీరు ఎంత బాగా నేర్చుకున్నా ఇవ్వడు.

లేసుదారం (నరసాపురం)

వెయ్యి అడిగితే వేరేవాళ్ళతో చేయించుకుంటామన్నారు. లేసుకీ అంతే బాబాయ్ గారూ. మా అమ్మ అల్లిన లేసుకి ఏజెంటు ఎంతంటే అంతే. ఇంట్లో కూర్చుని చేసే పనికి మేము రేటు చెప్పే అలవాటే లేదు. మీరు కొట్టు పెట్టుకుని బోర్డు కట్టుకున్నారు కాబట్టి చెప్పగలిగారు.

నోడ్ లెక్క (భీమవరం)

ఒక్క మాట. నేను కటింగ్‌కి అడుగు లెక్కన తీసుకుంటాను, ఎవరూ బేరమాడరు, ఎందుకంటే మిషను కనిపిస్తుంది. బొమ్మ వేసినవాళ్ళకి మాత్రం ఎవరూ లెక్క కట్టరు. నేనూ కట్టలేదు ఇన్నాళ్ళు. ఈసారి నా దగ్గరకి వచ్చే బిల్లులో డిజైను అని వేరే గీత రాస్తాను. ఆ కొట్టు వాళ్ళు ఆరడుగుల పని మా దగ్గరే కోయిస్తారు, మాట్లాడతాను.

లేసుదారం గారూ, ఫైల్ పంపే ముందు ఔట్‌లైన్లన్నీ స్ట్రోక్ టు పాత్ చేయండి, అంటే గీతల్ని ఆకారాలుగా మార్చండి. లేకపోతే ఎవరి సిస్టమ్‌లోనైనా పెద్దది చేసినప్పుడు గీత మందం పెరగకుండా అలాగే ఉండిపోవచ్చు. నాలుగంగుళాల్లో బాగున్న కనుబొమ్మ ఆరడుగుల్లో దారంలా కనిపిస్తుంది.

పాత కుంచె (అమలాపురం)

జడ గురించి చెప్పాల్సింది మిగిలిపోయింది. మీరు వేసింది జడ కాదు, వేలాడదీసిన తాడు. జడకి బరువు ఉంటుంది. మెడ వెనక పుట్టి, భుజం మీద ఒకసారి ఆగి, అక్కడ వంగి, తర్వాత కిందికి దిగుతుంది. పిల్ల తల వంచితే ఒక జడ ముందుకి జారుతుంది, రెండోది వీపు మీదే ఉండిపోతుంది. పాయలు పైన వదులుగా, కింద బిగువుగా వేయండి. చివర కుప్పెలు పెడితే వాటి బరువుకి కొస నిటారుగా దిగాలి. పెన్సిలుతో గీసి ఫోటో పెట్టాను. ట్రేస్ బటన్ నొక్కకండి. చూసి గీయండి.

లేసుదారం (నరసాపురం)

చూసే గీశాను. ముందు జడ దారి ఒక్క గీతగా, ఐదు నోడ్లతో వేసుకున్నాను. తర్వాత పాయలు దాని వెంట పేర్చి యూనియన్ చేశాను. తల కుడికి వంచాను, మూడు తలల ఎత్తుకి తెచ్చాను. మొత్తం 96 నోడ్లు. ఒంటి రంగు చామనఛాయే పెట్టి పంపుతున్నాను, ఒప్పుకోకపోతే అప్పుడు చూద్దాం.

బాబాయ్ గారూ, జడ మీది. బొమ్మ కింద మీ పేరు కూడా పెట్టనా?

పాత కుంచె (అమలాపురం)

గడ్డం ఇంకా కారు బంపర్‌లాగే ఉందమ్మా, ఆ వంపు మళ్ళీ చూడండి. పేరు మీదే పెట్టండి. పెద్దగా పెట్టండి, ఫోటో తీసినా చెరపడానికి వీల్లేని చోట, లంగా అంచు మీద.

నోడ్ లెక్క (భీమవరం)

లంగా అంచు మీదైతే అక్షరాలు మరీ చిన్నవి చేయకండి. నాలుగంగుళాల సైజులో వినైల్ పీకేటప్పుడు సున్నాలు, తలకట్లు లేచిపోతాయి. చిన్నదానికి పేరు వేరే ఫైల్‌లో లావుగా పంపండి.