సమస్య: వేసినట్టి యోటు వేయలేదు

మల్లేశ్వరం (నిర్వాహకుడు): బెంగళూరు పేటల పేర్లతో రాసే కవులారా, ఈ వారం సమస్య, అంటే ముందు మూడు పాదాలు మీరు చేర్చి అర్థం కుదర్చాల్సిన పాదం, ఆటవెలది నాలుగో పాదం. షరతు ఒకటే, పూరణ టీవీ సీరియల్లో ఓ సీనుగా పనికిరావాలి. ఓటు విషయంలో పాత్ర తప్పు పలికితే, పద్యం ఎంత బాగా నడిచినా పక్కన పెడతాను. 1975-76లో ఉపగ్రహం మీదుగా పల్లెలకు టీవీ పాఠాలు పంపిన సైట్ ప్రయోగంలో ఆంధ్ర, కర్ణాటక ఊళ్ళూ ఉన్నాయి. ఇప్పుడు ఓటు పాఠాన్ని అత్తాకోడళ్ళ మధ్య ఇరికించాలి, అంతే తేడా.

జయనగరం:
మీట నొక్కి బామ్మ మెల్లగా మరలెను
బీపు రాదు గాజు పెట్టె లోన
చీటి కానరాదు చేతి సిరా యున్న
వేసినట్టి యోటు వేయలేదు

మల్లేశ్వరం: గణాలు సరి. బీపు–పెట్టె వర్గయతి (బ, ప ఒకే వర్గం కనుక కుదిరే యతి) ముచ్చటగా పడింది. కారణం మాత్రం సీనులో చూపాలి. పోలింగ్ అధికారి కంట్రోల్ యూనిట్ మీద 'బ్యాలట్' మీట నొక్కాకే ఓటరు ముందున్న యూనిట్లో పచ్చదీపం వెలుగుతుంది. అంతకుముందు బామ్మ ఎన్నిసార్లు నొక్కినా పడదు. పచ్చదీపం వెలిగాక నీలం మీట నొక్కితే గుర్తు పక్కన ఎర్రదీపం వెలుగుతుంది, వీవీప్యాట్ (ఓటు చీటి చూపే యంత్రం) అద్దం వెనక చీటి 7 సెకన్లు కనిపించి కింద పడుతుంది, బీపు వినిపిస్తుంది. సీరియల్ వాళ్ళు చెడగొట్టేది ఇక్కడే. ఎడిటింగులో ఆ 7 సెకన్లు కోసేస్తారు, బీపు మీద వయొలిన్ మోగిస్తారు. ఆ కాసేపు సంగీతం ఆపమనండి. యంత్రం మీద ఏ పార్టీదీ కాని బొమ్మలు అతికించమనండి.

కె.ఆర్. పురం:
నోట మీట నొక్క నొక్కరు గెలువరు
మరల నెన్నికలను జరుప వలయు
నాడు పోలయినది నామమాత్రము గాన
వేసినట్టి యోటు వేయలేదు

జయనగరం: రెండో పాదాన్ని ప్రాసయతి (మరల–జరుప, రెండో అక్షరాలు కలిసే యతి) ఆదుకుంది గానీ విషయాన్ని ఆదుకునేది లేదండీ. 2013 సుప్రీంకోర్టు తీర్పుతో నోటా ('పై వారెవరూ కాదు' అనే మీట) వచ్చింది. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో దానికే ఎక్కువ పడినా మళ్ళీ ఎన్నిక పెట్టరు. మిగిలిన వాళ్ళలో ఎక్కువ ఓట్లొచ్చినవాడే గెలుస్తాడు.

కె.ఆర్. పురం: సవరించాను.
నోట కెన్ని పడిన నోడక గెలుచును
మిగులు వారిలోన మేటి యొకడు
కోప మైన దీరు కుర్చీ కదలదాయె
వేసినట్టి యోటు వేయలేదు

మల్లేశ్వరం: మూడో పాదం టీవీకి పుట్టినట్టుంది! కానీ నోటాను లెక్కపెడతారు, ఫలితాల్లో చూపిస్తారు. 'వేయలేదు' అని తేల్చేస్తే చూసేవాళ్ళు అపార్థం చేసుకుంటారు. పాత్ర ఎత్తిపొడుపుగా అంటే నప్పుతుంది.

యలహంక:
తనదు పేర నొకడు తస్కరించగ నోటు
కాగితంపు టోటు కవరు లోన
ముద్ర వేసి దాచి మూత విప్పరు గాన
వేసినట్టి యోటు వేయలేదు

మల్లేశ్వరం: భేష్. ఇదే టెండర్డ్ ఓటు, అంటే మన పేరు మీద వేరొకరు ముందే వేసేస్తే మనకిచ్చే కాగితపు ఓటు. సీరియల్లో అయితే కోడలు ఏడ్చుకుంటూ ఇంటికెళ్ళిపోతుంది, అలా వెళ్ళనివ్వకండి. ప్రిసైడింగ్ అధికారి అడిగే గుర్తింపు ప్రశ్నలకు జవాబు చెప్పాలి, 17బి జాబితాలో సంతకం పెట్టాలి, కాగితపు బ్యాలట్ మీద బాణం గుర్తు ముద్ర వేసి, మడిచి, ఆయన చేతికే ఇవ్వాలి. యంత్రం మీద మీట నొక్కనివ్వరు. ఎన్నిక మీద హైకోర్టులో పిటిషన్ పడి, కోర్టు చెబితే తప్ప ఆ కవరు తెరవరు. 'తస్కరించగ నోటు' అంటే మటుకు చెవికి డబ్బు దొంగతనంలా ఉంది.

మారతహళ్ళి:
బెంగళూర నొకటి పేరు పల్లె నొకటి
రెండు చోట్ల మీట రెండు మార్లు
నొక్కు వాని కందు నొకటియు మిగలదు
వేసినట్టి యోటు వేయలేదు

మల్లేశ్వరం: ఈ వారం పైచేయి మీదే, మారతహళ్ళి గారూ. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ప్రకారం ఒకే సార్వత్రిక ఎన్నికలో రెండు నియోజకవర్గాల్లో వేస్తే రెండు ఓట్లూ చెల్లవు. మన ఊళ్ళో ఇది ఊహ కాదు. 2024లో బెంగళూరు పోలింగ్ ఏప్రిల్ 26న, ఆంధ్రలో మే 13న. ఆశ పుట్టడానికి మధ్యలో 17 రోజులు. గోరు మీది మైసూరు సిరా గీత అప్పటికీ పూర్తిగా పోదు. ఆ గోరు క్లోజప్‌లో చూపితే డైలాగు అక్కర్లేదు.

యలహంక: అసలు రెండుచోట్ల పేరుండటమే కూడదు కదండీ, 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్?

మల్లేశ్వరం: కూడదు. అందుకే 'పేరు మార్పించుకో' అనే మాట మామగారి చేత ముందే అనిపించాలి. ఫారం 6 అనిపించకండి, అది మొదటిసారి చేరేవాళ్ళకు. ఇల్లు మారినవాళ్ళకు ఫారం 8.