అప్‌డేట్: పెరూలోని కుస్కోలో అల్పాకా స్వెటర్ కొన్నాను

గొర్రె ఉన్ని వేసుకుంటే మెడంతా దురద, పెరూ వెళ్తున్నాం కాబట్టి అక్కడ అల్పాకా (ఉన్ని కోసం పెంచే, ఒంటె కుటుంబానికి చెందిన జంతువు) స్వెటర్ కొనొచ్చా, కొంటే అసలుదని ఎలా తెలుస్తుంది అని అడిగాను కదా, సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్. కొన్నాను, దురద లేదు. ఇందులో లానోలిన్ అనే జిడ్డు చాలా తక్కువ, పైగా పోగు నున్నగా ఉంటుంది. సంతలో మరీ చవగ్గా ఇచ్చేవాటిలో అక్రిలిక్ అనే సింథటిక్ నూలు కలిసినవే ఎక్కువ. రెండూ పక్కపక్కన పెట్టి పట్టుకుంటే తెలిసిపోతుంది, అసలుది చేతికి చల్లగా, జారుతున్నట్టు, కాస్త బరువుగా తగులుతుంది. "బేబీ అల్పాకా" అని రాసి ఉంటే అల్పాకా పిల్లల బొచ్చు అనుకుని బాధపడకండి, అది పోగు సన్నదనాన్ని బట్టి ఇచ్చే గ్రేడు, 22 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుట్టుపక్కల.

అన్నిటికన్నా నాకు నచ్చింది కుస్కో దగ్గరి చించేరో ఊళ్ళో చూసిన రంగులద్దకం. నాగజెముడు మీద పెరిగే కోచినీల్ పురుగును ఒకావిడ అరచేతిలో నలిపితే చిక్కటి ఎరుపు వచ్చింది, దానిమీద నిమ్మరసం పిండగానే నారింజ రంగుకి మారిపోయింది! అల్పాకాలైతే మహా ముద్దు, ఎప్పుడూ సన్నగా మూలుగుతూనే ఉంటాయి, కానీ తల నిమరబోతే మాత్రం ఒప్పుకోవు.

ఉతకడం గురించి అడిగినవాళ్ళకి: చన్నీళ్ళలో కొంచెం షాంపూ వేసి, మెలిపెట్టి పిండకుండా, నీడలో పరిచి ఆరబెడుతున్నా. హ్యాంగర్‌కి తగిలిస్తే సాగిపోతుంది.