2006 'ఉమ్రావ్ జాన్' సమీక్షలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

హిందీ సినిమాలు శ్రద్ధగా చూసేవారికి నమస్కారం. జె.పి. దత్తా 2006లో మళ్లీ తీసిన 'ఉమ్రావ్ జాన్' మీద ఒక వ్యాసం రాస్తున్నాను, మీ సహాయం కావాలి.

విడుదలైనప్పుడు విమర్శకులు చాలామంది దాన్ని తూర్పారబట్టారు. సెట్లకూ నగలకూ లోటు లేదు గానీ ప్రాణమే లేదన్నారు. నిడివి మూడు గంటలు దాటడమూ కలిసిరాలేదు. పైగా పోటీ 1981 నాటి ముజఫర్ అలీ చిత్రంతో! రేఖకు, సంగీత దర్శకుడు ఖయ్యాంకు, గాయని ఆశా భోంస్లేకు జాతీయ పురస్కారాలు తెచ్చిన సినిమా అది. దాని పక్కన ఐశ్వర్యా రాయ్‌కీ, అనూ మాలిక్ పాటలకూ మంచి మార్కులు పడటం కష్టమే.

అయినా వేశ్యాగృహ యజమానురాలు ఖానుం పాత్రలో షబానా ఆజ్మీ నాకు బాగా నచ్చింది. పాత చిత్రంలో ఆ పాత్ర వేసింది ఆమె తల్లి శౌకత్ కైఫీయే. పోలిక తప్పదని తెలిసీ ఒప్పుకోవడానికి గుండె కావాలి.

రెండు చిత్రాలకూ మూలం మీర్జా హాదీ రుస్వా 1899 నాటి ఉర్దూ నవల. దత్తా చిత్రాన్ని పాత సినిమాతో కాకుండా ఆ నవలతో పోల్చి చూసిన సమీక్ష ఏదైనా వచ్చిందా? అప్పటి తెలుగు పత్రికల కత్తిరింపులు దాచుకున్నవారుంటే ఫోటో తీసి పెట్టగలరా? ఉర్దూ చదవగలిగిన హైదరాబాద్ మిత్రులు అక్కడి ఉర్దూ దినపత్రికలు ఏమన్నాయో చెప్పినా చాలా మేలు.