'జస్టిస్' ఆల్బమ్‌లో బేస్ వినిపించకపోవడం లోపమా, స్వభావమా?

చర్చ ప్రారంభించినవారు:
థ్రాష్ మెటల్ (వేగంగా, కఠోరంగా సాగే రాక్ సంగీతం) వాయించే అమెరికన్ బృందం మెటాలికా 1988లో విడుదల చేసిన 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్'లో బేస్ గిటార్ (మంద్రస్వరాలు పలికించే గిటార్) దాదాపు వినిపించదన్న మాటను నేనూ ఒప్పుకుంటాను. అయితే న్యాయం అమ్ముడుపోవడాన్ని గురించిన పాటలకు ఆ ఎండిపోయిన శబ్దమే తగినదని నా అభిప్రాయం. బేస్ నిండుగా ఉంటే అందులోని 'బ్లాకెన్డ్' పాటలో గిటార్లు ఇంత పదునుగా కోసేవా?

సమాధానం:
పదును నిజమేనండీ, కానీ దానికి కారణం బృందంలో పాడుతూ గిటార్ వాయించే జేమ్స్ హెట్‌ఫీల్డ్ కుడిచేయి. బేస్ స్పష్టంగా వినబడే 1986 నాటి 'మాస్టర్ ఆఫ్ పప్పెట్స్' ఆల్బమ్‌లోనూ ఆ చేయి అంతే కచ్చితంగా కోస్తుంది. గిటార్లే మంద్రస్థాయిని ఆక్రమించుకోవడం, 'జస్టిస్'లో బేస్ వాయించిన జేసన్ న్యూస్టెడ్ చాలాచోట్ల గిటార్ రిఫ్‌నే (పదే పదే వచ్చే చిన్న స్వరవరుసనే) అనుసరించి వాయించడం వల్ల బేస్ కొంత కలిసిపోయి ఉండవచ్చు. అయినా, డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ కోరినందువల్లే బేస్‌ను అంతగా తగ్గించవలసి వచ్చిందని మిక్సింగ్ (ఏ వాద్యం ఎంత వినిపించాలో సరిచూసి కలిపే పని) చేసిన ఇద్దరిలో ఒకరైన స్టీవ్ థాంప్సన్ తరువాతి కాలంలో చెప్పాడు కనుక, ఇది పాటల అర్థంలోంచి పుట్టిన నిర్ణయమని నేను నమ్మలేను. 2018లో రీమాస్టర్ చేసినప్పుడు (పాత రికార్డింగుకు మెరుగులు దిద్దినప్పుడు) కూడా ఆ మిక్స్‌ను మార్చలేదు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే ఆల్బమ్‌లోని 'టు లివ్ ఈజ్ టు డై'. 1986 సెప్టెంబరులో స్వీడన్‌లో జరిగిన బస్సు ప్రమాదంలో మరణించిన, న్యూస్టెడ్‌కు ముందు బృందంలో బేస్ వాయించిన క్లిఫ్ బర్టన్ మిగిల్చి వెళ్లిన రిఫ్‌లతో కూర్చిన పాట అది. ఒక బేస్ వాద్యకారుని స్మృతిలో బేస్‌కే చోటు లేకపోవడాన్ని శైలి అని ఎలా అనగలం?

కూర్పు బలాన్ని మాత్రం నేను కాదనను. యుద్ధంలో కాళ్లూచేతులూ, చూపూ, మాటా పోయిన సైనికుని కథ చెప్పే 'వన్' మెల్లగా మొదలై, చివరికి రెండు పాదాలతో వాయించే డబుల్ కిక్ డ్రమ్ములు తుపాకీ మోతలా విరుచుకుపడేదాకా సాగే తీరును థ్రాష్‌లో మరెవ్వరూ అంత ఓపికగా నిర్మించలేదు. అదే ఓపిక పది నిమిషాలకు చేరువైన, ఆల్బమ్ పేరే గల టైటిల్ పాటలో సాగదీతగా మారింది. వచ్చిన రిఫ్ మళ్లీ మళ్లీ వస్తుంది.

చర్చ ప్రారంభించినవారు:
బర్టన్ పాట విషయంలో మీ మాట కాదనలేను. ఆ కోణంలో నేను ఎన్నడూ వినలేదు. నిడివి సంగతి మాత్రం ఒప్పుకోను. టైటిల్ పాట న్యాయస్థానం గురించినది. వాయిదా మీద వాయిదా పడే వ్యాజ్యంలా ఆ రిఫ్ తిరిగి తిరిగి అక్కడికే రావడం నాకు సాగదీతగా కాక, పాట చెప్పదలచిన నిస్సహాయతగానే వినిపిస్తుంది.