విళింజం అలల విద్యుత్ కేంద్రంలో గాలి టర్బైన్ ఎందుకు?

ప్రశ్న: కేరళలోని విళింజంలో 1991లో ఐఐటీ మద్రాసు ఇంజినీర్లు నెలకొల్పిన 150 కిలోవాట్ల కేంద్రంలో టర్బైన్‌ను నీరు కాక గాలి తిప్పేదని చదివాను. అలల శక్తి గాలికి ఎలా చేరుతుంది?

జవాబు: అక్కడి కాంక్రీటు గది నీటి మట్టానికి దిగువన సముద్రంలోకి తెరిచి ఉండేది, అల వచ్చినప్పుడు లోపలి నీరు పైకి లేచి గాలిని బయటికి నెట్టేది, వెనక్కి తగ్గినప్పుడు అదే మార్గంలో బయటి గాలిని లోపలికి లాగేది. గాలి ఎటు వీచినా ఆ మార్గంలోని వెల్స్ టర్బైన్ ఒకే దిశలో తిరుగుతుంది. ఈ పద్ధతిలోని అసలైన ప్రతిభ ఇదేనని నా అభిప్రాయం.

మరో జవాబు: తిరిగే భాగాలు ఉప్పునీటిలో మునగవు కనుక మరమ్మతు కొంత సులువు. అలల తీవ్రత క్షణక్షణం మారడంతో ఉత్పత్తి మాత్రం నిలకడగా ఉండదు.

ఇంకో జవాబు: స్పెయిన్‌లోని ముత్రికు రేవులో 2011లో ఇదే సూత్రంతో, అలల అడ్డుగోడలోనే 16 టర్బైన్లు అమర్చారు. గోడ ఎలాగూ కట్టవలసిందే కాబట్టి ఖర్చు కలిసివచ్చే ఈ మార్గాన్ని మన రేవులూ పరిశీలించాలి.