ఉత్తుత్తి క్లినిక్ పోస్టర్: కళా, మోసమా?

డీటీపీ_షాపు_నల్గొండ
మా చెల్లె డిజైన్ చదువుతోంది. 2050లో ఉండబోయే ఒక క్లినిక్‌కు పోస్టర్ వేసింది. ట్యూబులైటులాంటి పళ్లతో నవ్వుతున్న అమ్మాయి, కింద "చెవి వెనక చిన్న చిప్. తెల్లారేసరికి మచ్చల్లేని పళ్లు. పెళ్లిచూపుల ప్యాకేజీ వేరే". మూలన ఆవగింజంత అక్షరాల్లో "ఇది ఊహ". అందం మోజు, టెక్నాలజీ, వైద్యం కలిస్తే ఎటు పోతామని అడగడం దాని ఉద్దేశం. పది ప్రింట్లు తీసి బస్టాండు దగ్గర గోడలకు నేనే అంటించాను, నంబరు మా షాపుది. రెండు రోజుల్లో ఆరు ఫోన్లు, "ఎంతయితది?" అని. "ఊహ" అన్నది పెద్దగా వేస్తే పోస్టర్ చచ్చిపోతుందంటుంది చెల్లె. మీరేమంటారు?

మర్రిగూడ_వాసి
అన్నా, ఊరు చూసి అంటించాలి కదా. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ బోరు నీళ్లకు నా ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు పడ్డాయి. నా పెళ్లి ఆల్బమ్ మొత్తం తిరగేసినా ఒక్క పన్ను కనబడదు. దీన్ని మోజు అంటారా? పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి "నల్గొండ టెక్నిక్" అని మన ఊరి పేరే పెట్టారు. ఆ ఊళ్లోనే ఈ పరాచికమా?

గీతలు_రంగులు
పరాచికం కాదు తమ్మీ. లండన్‌లో డన్, రేబీ అనే జంట ఇలాంటి డిజైన్‌కు పేరు తెచ్చారు. వస్తువు నిజంలా ఉంటేనే చూసినవాడు ఆగి ఆలోచిస్తాడు. నిజం ప్రకటనలు ఇంతకన్నా ఘోరం. 1930లలో ఫ్రాన్స్‌లో థో-రేడియా అనే మొహం క్రీము అమ్మారు. అందులో రేడియోధార్మిక లోహాలు థోరియం, రేడియం ఉన్నాయన్నదే దాని గొప్ప! ఆ క్రీము పోస్టర్‌లో అమ్మాయి మొహం మీద కింది నుంచి వెలుగు పడుతుంటుంది. దాని మూలన "ఊహ" అని లేదు మరి.

పళ్ల_డాక్టరమ్మ
ఆ క్రీము కొన్నవాళ్లూ నమ్మే కొన్నారు, అదే నా భయం. పన్ను పైపొర, అంటే ఎనామిల్, తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్లలోపు, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే ఈ మచ్చలొస్తాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పన్ను వచ్చాక మచ్చ దానంతటది పోదు. మరకను బట్టి బ్లీచింగో, పైన తొడుగో వేస్తాం, ఖర్చు తక్కువేం కాదు. చిప్ అనగానే ఆశ పుట్టదా? మహిమల మందుల ప్రకటనల మీద 1954 నుంచే చట్టం ఉంది, మీ పోస్టర్ దాని కిందికొస్తుందో లేదో వకీలును అడగండి. ముందు ఆ నంబరు తీసేయండి.

గీతలు_రంగులు
నంబరు విషయంలో మాత్రం డాక్టరమ్మ మాటే నా మాట. గ్యాలరీలో అయితే ఫర్వాలేదు, గోడ మీద వద్దు.

డీటీపీ_షాపు_నల్గొండ
ఆరో ఫోను ఒకమ్మ చేసింది. బిడ్డకు రెండు సంబంధాలు తప్పిపోయాయట. స్పీకర్‌లో చెల్లె కూడా విన్నది, ఏమీ మాట్లాడలేదు. పొద్దున ఇద్దరం పోయి పోస్టర్లు పీకాం. తొమ్మిదే దొరికాయి. పదోది ఎవరో నాలుగు మూలలూ చినగకుండా ఒలుచుకుని తీసుకుపోయారు.