టీఎన్ఎఫ్‌ని ఆపే మందులన్నీ యువైటిస్‌కి ఒకేలా ఎందుకు పనిచెయ్యవు?

యువైటిస్ (కంటి లోపల వచ్చే వాపు) గురించి చదువుతూ ఒక దగ్గర ఆగిపోయా, ఇమ్యునాలజీ తెలిసినవాళ్లు ఎవరైనా కాస్త చెప్పండి. టీఎన్ఎఫ్ ఆల్ఫా (వాపు పెంచే ఒక సంకేత ప్రోటీన్) ఎక్కువైతే కంట్లో రక్తనాళాల గోడలు వదులై తెల్లకణాలు లోపలికి వచ్చేస్తాయి, వాపొస్తుంది, ఇంతవరకు ఓకే. మరి అడాలిముమాబ్, ఎటనర్సెప్ట్ అనే మందులు రెండూ ఆపేది ఆ టీఎన్ఎఫ్‌నే కదా, మొదటిదానికి 2016లో అమెరికాలో యువైటిస్‌కి అనుమతి కూడా వచ్చింది, రెండోది మాత్రం కీళ్లకి బాగా పనిచేసి కంటి దగ్గరికొచ్చేసరికి తేలిపోతుందేంటి? ఎటనర్సెప్ట్ కణం మీద అంటుకున్న టీఎన్ఎఫ్‌ని గట్టిగా పట్టుకోలేదంటారు, అదొక్కటే కారణమా? ఇంకోటి, ఎలుకల్లో యువైటిస్‌కి ఐఎల్-17 (ఇదీ అలాంటి సంకేత ప్రోటీనే) చాలా ముఖ్యం అని చూపించారు, తీరా మనుషుల్లో దాన్ని ఆపే సెక్యుకినుమాబ్ ట్రయల్స్‌లో అనుకున్న ఫలితం రాలేదు (నాకైతే ఇదే పెద్ద వింత). ఐఎల్-6 (అలాంటిదే ఇంకో ప్రోటీన్) దారి వేరేనా? మాక్యులా (రెటీనా మధ్యభాగం) వాపుకి ఐఎల్-6ని అడ్డుకునే టోసిలిజుమాబ్ వాడుతున్నారు కాబట్టి అడుగుతున్నా.